జంట గదిలో వియ్యపురాళ్ళు

ముందు కాళ్ళు కడిగారు. మిషనమ్మకి అక్కడే చిరాకు మొదలైంది.

వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, అందులో నిమ్మచెక్కలు వేసి, ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల కింద కూర్చుని తన మడమలు ఉప్పుతో రుద్దుతుంటే ఆమెకి ప్రాణం మీదికొచ్చినట్టుంది. కాలు వెనక్కి లాక్కోబోయింది. ఆ పిల్ల నవ్వి మళ్ళీ ముందుకు లాగింది. పక్క కుర్చీలో వియ్యపురాలు మాత్రం పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు తన కాళ్ళు కడుగుతూనే ఉన్నట్టు దర్జాగా చాపుక్కూర్చుంది.

"హాయిగా ఉంది కదా వదినగారూ," అంది వియ్యపురాలు.

"మీకుంటుంది," అంది మిషనమ్మ.

మిషనమ్మ అసలు పేరు వాళ్ళ బిల్డింగులో ఎవరికీ తెలియదు. ఊరందరి జాకెట్లూ, స్కూలు పిల్లల యూనిఫారాలూ కుట్టి ఒక్కగానొక్క కొడుకుని పెద్ద చేసింది. చూపు తగ్గి మిషను ఎవరికో ఇచ్చేశాక కూడా పేరు ఆమెని వదల్లేదు. ఇప్పుడు కొడుకూ కోడలూ ఉన్న ఫ్లాట్‌లోనే ఆమె కూడా ఉంటోంది. వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. చెప్పాపెట్టకుండా మొన్న దిగింది. వచ్చినప్పటి నుంచీ తల్లీకూతుళ్ళు వంటింట్లో గుసగుసలే. మిషనమ్మ అడుగు వినబడగానే పోపు సంగతో, పాల సంగతో ఎత్తుకునేవారు.

ఇవాళ పొద్దున కోడలు వచ్చి, "అత్తయ్యా, మీకు మెడనొప్పి అంటున్నారుగా. మీరూ అమ్మా కలిసి ఈ థాయ్ మసాజ్‌కి వెళ్ళి రండి. బుక్ చేసేశాను," అంది. వద్దంటే వినలేదు. తనే ట్యాక్సీ పిలిచింది, తనే సంచిలో నీళ్ళ సీసా పెట్టింది, తనే కిందికొచ్చి ట్యాక్సీ తలుపు వేసింది. పైన బాల్కనీలో కొడుకు నిలబడి చెయ్యి ఊపాడు. సెలవు రోజు కాదు. అయినా ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ట్యాక్సీ మలుపు తిరిగేదాకా మిషనమ్మ మెడ తిప్పి బాల్కనీ వైపే చూసింది. అసలే నొప్పిగా ఉన్న మెడ ఇంకా పట్టేసింది.

ఇల్లు వదిలి బయటికి వెళ్ళడమంటే ఆమెకి ఎప్పుడూ గుండెల్లో రాయి పడినట్టే ఉంటుంది. గ్యాసు కట్టేశామా, కుళాయి కట్టేశామా అన్న దిగులు పైకి చెప్పేది. లోపలిది వేరు. తను అటు వెళ్ళగానే ఇటు ఎవరో ఒకరు వెళ్ళిపోతారు. ఆమె బతుకులో అలాగే జరిగింది.

కాళ్ళు తుడిచాక రిసెప్షన్ పిల్ల వచ్చింది. కంప్యూటర్లో చూసి నిండుగా నవ్వుతూ, "పెళ్ళిరోజు శుభాకాంక్షలు. మీ జంట గది రెడీగా..." అని తలెత్తి, ఎదురుగా ఉన్న ఇద్దరు ముసలివాళ్ళని చూసి తెరిచిన నోరు అలాగే ఉంచేసింది.

"మాకు పెళ్ళి కాలేదమ్మా, వియ్యమొక్కటే అయింది," అంది వియ్యపురాలు.

ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక పక్కకి తిరిగి నవ్వుకుంది. మిషనమ్మకి నవ్వు రాలేదు. పెళ్ళిరోజు అన్న మాట ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

గదిలో నేల మీద రెండు మెత్తటి పరుపులు పక్కపక్కనే వేసి ఉన్నాయి. మధ్యలో జానెడు సందు. దిండ్ల మీద పూరేకులు చల్లి, తువ్వాళ్ళని రెండు హంసల్లా మడిచి, ముక్కూ ముక్కూ ఆనించి పెట్టారు. వియ్యపురాలు ఒక హంసని విప్పి మెడ తుడుచుకుంది. గోడ మీద 'దయచేసి మెల్లగా మాట్లాడండి' అని రాసి ఉంది. కట్టుకోవడానికి ఇచ్చిన నీలం పైజామా నడుము చూసి మిషనమ్మకి మతిపోయింది.

"ఇందులో ముగ్గురు పడతారు. కొలత లేదూ పాడూ లేదు. ఎవరు కుట్టారో గానీ వాళ్ళ చేతికో దణ్ణం."

"మెల్లగా, వదినగారూ."

"నేను మెల్లగానే అంటున్నా."

మసాజ్ చేసేవాళ్ళు ఇద్దరొచ్చారు. ఒకామె పీలగా, ఒకామె దిట్టంగా ఉన్నారు. వాళ్ళ భాష వేరు. ఇక్కడి మాటలు పనికి కావలసినన్నే వచ్చు. దిట్టమైనామె మిషనమ్మ పైజామా నడుముని ముందుకు లాగి ఒక మడత వేసి, తాడు చుట్టి ముడేసింది. అది ఒంటికి అతికినట్టు నిలిచింది. తర్వాత ఇద్దరూ చెరో పరుపు దగ్గర, కాళ్ళ వైపు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, క్షణం కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళకి ఎడమవైపు నుంచే మొదలుపెడతారట. ఇద్దరి బొటనవేళ్ళూ ఒకేసారి రెండు ఎడమ అరికాళ్ళలో దిగాయి. ఒకామె పిక్క దగ్గరికి వస్తే రెండో ఆమె కూడా పిక్క దగ్గరికే వచ్చింది. ఒకామె మోచేత్తో తొడ నొక్కితే రెండో ఆమె కూడా అంతే. లెఫ్ట్ రైట్ అనే డ్రిల్లు మేష్టారు లేడు గానీ, మిగతాదంతా డ్రిల్లే.

దిట్టమైనామె కాలు ఎత్తబోతే మిషనమ్మే ముందు ఎత్తేసింది.

"వదులు," అంది ఆమె, మోకాలి మీద తడుతూ.

మిషనమ్మ వదిలింది. మళ్ళీ ఎత్తబోతే మళ్ళీ తనే ఎత్తింది.

"వదులు, వదులు."

"వదులూ అంటే ఎలా వదుల్తాను? నా కాలు గదా."

పక్క పరుపు మీద వియ్యపురాలి కాలు తడిగుడ్డలా వేలాడుతూ ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. అది చూస్తే మిషనమ్మకి ఇంకా మండింది. ఆ మంట మీదే అసలు మాట బయటికొచ్చింది.

"వదినగారూ."

"ఊఁ."

"ఇది వాళ్ళ పెళ్ళిరోజుకని వాళ్ళ కోసం కొనుక్కున్నదట గదా. మనకెందుకిచ్చారు?"

"తీరిక లేదేమో."

"తీరిక లేనివాళ్ళు ఇద్దరూ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారేం?"

పీలగా ఉన్నామె వియ్యపురాలి మోకాలిని పొట్టకి ఆనించి నొక్కుతోంది. మాట్లాడకపోవడానికి అదో వంక దొరికింది. కానీ ఇటుపక్క మోకాలు కూడా పొట్టకే ఆని ఉంది. అయినా మిషనమ్మ మాట్లాడుతూనే ఉంది.

"ఇంట్లో ఏం జరుగుతోంది?"

"అయ్యాక చెప్పుకుందాం. ముందు ప్రశాంతంగా చేయించుకోండి."

"ఇప్పుడే చెప్పండి."

"వదినగారూ, మీరు తట్టుకోలేరు."

మిషనమ్మకి ఈ లోకంలో కిట్టని మాట ఏదైనా ఉందంటే అదే. చిన్నప్పుడు అమ్మకి జబ్బు ముదిరితే, పిల్ల తట్టుకోలేదని ఆమెని పిన్ని ఇంటికి పంపించారు. తిరిగొచ్చేసరికి అమ్మ మంచం మడిచి గోడకి ఆనించి ఉంది. ఆస్పత్రిలో భర్త ఊపిరి అందక కొట్టుకుంటుంటే మరిది వచ్చి, "వదినా, నువ్వెళ్ళి ఫ్లాస్కులో టీ పట్టుకురా," అన్నాడు. డాక్టరు ముందే చెప్పేశాడట. ఆమె తట్టుకోలేదని టీకి పంపారు. వచ్చేసరికి పక్క మీద దుప్పటి మార్చేశారు. టీ మాత్రం వేడిగా ఉంది. తట్టుకోలేదని ఎవరు తేల్చారో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆమెని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె కాలు విదిలించుకుని లేచి కూర్చుంది.

"మీ అమ్మాయి వెళ్ళిపోతోంది. అంతేనా?"

"మెల్లగా..."

"మెల్లగానే. నన్ను ఇక్కడ పడుకోబెట్టి అక్కడ సామాను సర్దుకుంటోంది. బండి కూడా వచ్చే ఉంటుంది. వచ్చిందా?"

వియ్యపురాలు కప్పు వైపు చూస్తూ, "వచ్చే ఉంటుంది," అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది మిషనమ్మకి. అరవడానికి నోరు తెరిచింది. గోడ మీద రాత కనిపించింది. అరవకూడని చోటు చూసి మరీ పంపారన్నమాట. దాంతో ఒళ్ళు ఇంకా భగ్గుమంది. పళ్ళు కొరుక్కుంటూ గుసగుసగానే మొదలుపెట్టింది.

"ఇన్నేళ్ళూ నా కంచంలో అన్నం నేను తిని, దాని కంచంలో కూర నేను వడ్డించి, జ్వరమొస్తే తల దగ్గర కూర్చున్నాను. ఎంగిలి గిన్నె కడిగి బోర్లించినంత తేలిగ్గా బోర్లించేసి పోతోందా? పోనీ, పడకపోతే పోనీ. నేను పట్టుకు ఆపుతానా? వెళ్తున్నానత్తయ్యా అని ఒక్క మాట చెప్పడానికి నోట్లో ఏం అడ్డమొచ్చింది?"

"నా మాట కూడా..."

"మీ మాటలు రెండ్రోజులుగా వింటున్నా. పోపు మాడిందా లేదా అని. నాకు కాపలాగా వచ్చారు మీరు. హాస్టలు పిల్లల్ని కాసినట్టు. గేటు ఎక్కడేశారు? చెప్పండి, దూకుతా."

వియ్యపురాలు కూడా లేచి కూర్చుంది. ఆవిడ మొహం ఎర్రబడింది. "మీకోసమే వదినగారూ, నాకేం సరదానా? నా పిల్ల రాత్రంతా ఏడుస్తుంటే..."

"ఏడ్చింది గదా, ఎదురుగా కూర్చుని ఏడవమనండి."

మిషనమ్మ లేచింది. దిట్టమైనామె గాభరాగా చెయ్యి పట్టుకుంది. తను నొక్కిన ఎడమ కాలు చూపించి తలూపింది. కుడి కాలు చూపించి తల అడ్డంగా ఆడించింది. "సగం. సగం మంచిది కాదు."

"నా బతుకంతా సగమేనమ్మా," అంది మిషనమ్మ. ఆమెకి అర్థం కాలేదు గానీ చెయ్యి వదిలేసింది.

చీర మార్చుకునే ఓపిక లేదు. చీరంతా ఉండచుట్టి చంకలో పెట్టుకుని చెప్పుల కోసం వెతుకుతుంటే రిసెప్షన్ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"మేడం, టీ ఇస్తాం, చివర్లో..."

"టీ మాట ఎత్తకు."

"అది మా పైజామా మేడం."

"పంపిస్తాం తల్లీ, ఉతికి పంపిస్తాం," అంటూ వెనకనుంచి వియ్యపురాలు వచ్చింది. ఆవిడా నీలం పైజామాలోనే ఉంది. ఆవిడకి నడుం ముడి జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నడుస్తోంది.

వీధిలో ఎండ మొహం మీద కొట్టింది. మిషనమ్మకి ఎడమ కాలు తేలికగా ముందుకు పడుతోంది. కుడికాలు పాతబడ్డ తలుపులా కిర్రుమంటూ వెనకబడుతోంది. ఆగిన ట్యాక్సీలో ముందు తను ఎక్కి, వియ్యపురాలు ఎక్కకుండానే తలుపు వేసేయబోయింది. వియ్యపురాలు మోకాలు అడ్డం పెట్టి ఎక్కింది.

ట్యాక్సీవాడు అద్దంలోంచి ఇద్దరినీ, ఇద్దరి పైజామాలనీ చూశాడు. ఆస్పత్రి నుంచి పారిపోయారనుకున్నాడో ఏమో, ఏమీ అడగకుండా బండి పోనిచ్చాడు.

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. మిషనమ్మ ఎర్రదీపం వైపే గుడ్లురిమి చూస్తోంది.

"వదినగారూ," అంది వియ్యపురాలు. "వెళ్ళేది నా కూతురు కాదు."

మిషనమ్మ తల తిప్పలేదు.

"మీ అబ్బాయి. అతనే వేరే చోట ఫ్లాట్ తీసుకున్నాడు. నా పిల్ల ఆ ఇంట్లోనే ఉంటుంది. మిమ్మల్ని కూడా ప్రస్తుతానికి అక్కడే ఉండమని చెప్పాలనుకున్నాడు. రోజూ రేపు చెప్తా, రేపు చెప్తా అంటూ వచ్చాడు. ఆఖరికి, అమ్మ ఉండగా నేను గడప దాటలేను, మీరు కాసేపు బయటికి తీసుకెళ్ళండత్తయ్యా అని నన్నే అడిగాడు. అందుకే వచ్చాను."

దీపం పచ్చబడింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. ట్యాక్సీ కదిలింది. కోడల్ని తిట్టిన మాటలన్నీ మిషనమ్మ నోట్లో చేదుగా మిగిలాయి. వాటిని వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆ చేదంతా అటు నుంచి ఇటు తిరిగింది, అంతే. తను పెంచినవాడు. తన చేతుల మీద పెరిగినవాడు. అతనికి తెలుసు. ఆ టీ ఫ్లాస్కు సంగతి ఆమె ఈ లోకంలో చెప్పుకున్నది ఒక్క అతనికే.

"త్వరగా పోనీ బాబూ," అంది.

వాళ్ళ బిల్డింగుకి వెళ్ళే సందు ఇరుకు. ఒక బండి వస్తుంటే ఇంకో బండి పట్టదు. ట్యాక్సీ సందులోకి తిరిగేసరికి ఎదురుగా సామాన్ల వ్యాను వస్తోంది. వెనక తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద కాళ్ళు పైకి పెట్టిన బల్ల. ముందు డ్రైవరు పక్కన కొడుకు కూర్చుని ఉన్నాడు.

రెండు బండ్లూ ముక్కూ ముక్కూ ఆనించి ఆగిపోయాయి.

"వెనక్కి తియ్యాలమ్మా," అన్నాడు ట్యాక్సీవాడు.

"తియ్యకు. ఇక్కడే ఉంచు. నేను చెప్పేదాకా అంగుళం కదిల్తే ఒప్పుకోను."

ఆమె దిగింది. కుంటుకుంటూ వ్యాను కిటికీ దగ్గరికి వెళ్ళింది. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు తల్లి మొహం చూశాడు, తర్వాత పైజామా చూశాడు.

"అమ్మా, ఆ బట్టలేమిటి?"

"బట్టల సంగతి తర్వాత. ఎక్కడికి?"

"అమ్మా, ఇంట్లోకి పద, మాట్లాడుకుందాం..."

"ఇంట్లో మాట్లాడేవాడివైతే నన్ను పంపించేవాడివి కాదు. ఎక్కడికి వెళ్తున్నావు? నా మొహం చూసి చెప్పు. ఆ డ్రైవరు మొహం కాదు."

డ్రైవరు గబుక్కున కిటికీ అవతలికి తిరిగాడు. వెనక ఎవరో స్కూటరువాడు హారను కొట్టాడు. మిషనమ్మ వాడివైపు ఒక చూపు చూసింది. వాడు హారను మీంచి చెయ్యి తీసేశాడు.

కొడుకు తల్లి వైపు తిరిగాడు. "నేను వేరే ఉంటానమ్మా. మాకు పడట్లేదు. చాలా రోజులైంది. మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుని చాలా కాలమైంది."

"నిన్న రాత్రి అన్నం దగ్గర నవ్వుకున్నారు."

"నువ్వున్నావని."

ఆ మాట ఆమెకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక కిటికీ అంచు పట్టుకుంది.

"నాకోసం నవ్వారా? రోజూ? నేను కూర బాగుందా అంటే బాగుందని ఇద్దరూ ఒకేసారి తలూపింది నాకోసమా? ఎవడు అడిగాడురా మిమ్మల్ని?"

"నువ్వు తట్టుకోలేవనీ..."

"ఆ మాట అనకు."

"నాన్న పోయినప్పుడు ఆస్పత్రి మెట్ల మీద నువ్వు పడిపోయావమ్మా. నేను పక్కనే ఉన్నాను. నాకింకా గుర్తుంది."

"పడ్డాను," అంది మిషనమ్మ. ఆమె గొంతు పెరిగింది. ఇక్కడ గోడ మీద ఏమీ రాసి లేదు. బాల్కనీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "పడి, లేచాను. మర్నాడు మిషను ముందు కూర్చున్నాను. ఆ వారంలోనే నీ స్కూలు చొక్కా కుట్టాను. పడ్డది గుర్తుంది నీకు, లేచింది గుర్తులేదు. ఎందుకు గుర్తుంటుంది, నేను లేచినప్పుడు నువ్వు నిద్రపోతున్నావు. నేను పడ్డది మీ నాన్న పోయాడని కాదురా. ఆయన్ని చూడనివ్వకుండా టీ తెమ్మని పంపారని పడ్డాను. అది నీకు నోరు విప్పి చెప్పుకున్నాను. ఎవరికి చెప్పుకున్నానో ఆ నువ్వే మళ్ళీ నన్ను పంపావు. కాళ్ళు కడిగించి మరీ పంపావు."

కొడుకు తల దించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మామూలుగా అయితే ఆ నీళ్ళు చూసి ఆమె కరిగిపోయేది. ఇవాళ చూస్తూ నిలబడింది.

"తప్పేనమ్మా."

"తప్పే."

"నిన్ను కూడా తీసుకెళ్తాను. కొంచెం సర్దుకున్నాక వచ్చి..."

"నన్నెక్కడ పెట్టాలో కూడా మీరే పంచేసుకున్నారన్నమాట. నేనేమన్నా ఆ బల్లనా, తాళ్ళేసి కట్టడానికి? ఎక్కడుండాలో నేను చూసుకుంటాను. నువ్వు నీ పెళ్ళాంతో పడక వెళ్తున్నావు. అది నీ ఇష్టం, నేను అడ్డుపడను. కానీ ఇకనుంచి ఏదైనా నాకు చెప్పి చెయ్యి. నేను ఏడుస్తాను. ఏడిస్తే చూడు. చచ్చిపోవు."

వ్యాను డ్రైవరు మెల్లగా, "సార్, ఎక్కువసేపు ఆపితే కష్టం," అన్నాడు.

మిషనమ్మ ట్యాక్సీ వైపు తిరిగింది. "వెనక్కి తియ్యి బాబూ."

ట్యాక్సీవాడు గొణుక్కుంటూ సందు బయటిదాకా వెనక్కి తీశాడు. వెనక సీట్లో వియ్యపురాలు నడుం ముడి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. దారి ఖాళీ అయింది.

"నువ్వు పైకి వెళ్ళమ్మా, ఎండగా ఉంది," అన్నాడు కొడుకు.

"పైకి వెళ్ళమనకు, లోపలికి వెళ్ళమనకు. నన్నెక్కడికీ పంపకు. ముందు నువ్వు కదులు."

"అలా చూస్తూ నిలబడితే నేనెలా వెళ్ళనమ్మా?"

"అది నువ్వు తట్టుకో."

వ్యాను కదిలింది. కొడుకు కిటికీలోంచి మొహం తిప్పుకోలేక తల్లి వైపే చూస్తూ ముందుకు జరిగాడు. మిషనమ్మ సందు మధ్యలోకి వచ్చి నిలబడింది. స్కూటరువాడు పక్కనుంచి గోడ గీసుకుంటూ పోయాడు. వ్యాను మూల దగ్గర ఆగి, పక్క దీపం వెలిగించి, పెద్ద వీధిలోకి తిరిగింది. పైనున్న బల్ల కాళ్ళు గోడ మీదుగా కాసేపు కనిపించాయి. అవి కూడా పోయేదాకా ఆమె కళ్ళు ఆర్పలేదు.

వెనక మెట్ల మీద చప్పుడైంది. కోడలు కిందికొచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"అత్తయ్యా, నేను చెప్దామనే అనుకున్నాను..."

"ఉండు," అంది మిషనమ్మ, చంకలోని చీర ఇటు నుంచి అటు మార్చుకుంటూ. "ముందు మీ అమ్మని ట్యాక్సీలోంచి దింపు. నీతోనూ తేల్చుకునేది ఉంది నాకు, పైకి పద."